ఊరి పేరు చెప్పని నవలలు: కెనడా కాలక్షేప సాహిత్యం నడిచిన దారి

కెనడా సాహిత్యం అనగానే మన విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల్లో వినిపించేవి నాలుగైదు పేర్లే - ఆలిస్ మన్రో, మార్గరెట్ ఎట్‌వుడ్, మైకేల్ ఒండాట్జే, రోహింటన్ మిస్త్రీ. పరీక్ష పత్రాల్లో వచ్చేవీ ఇంచుమించు ఇవే. ఈ వ్యాసం వీరిని గురించి కాదు. రైల్వే స్టేషను పుస్తకాల షాపులో దొరికే రకం పుస్తకాలను గురించి - డిటెక్టివ్ నవల, ప్రేమ నవల, సైన్స్ ఫిక్షన్, మంత్రాలూ మహిమలూ ఉండే ఫాంటసీ. ఇంగ్లీషు విమర్శకులు వీటన్నిటినీ కలిపి 'జానర్ ఫిక్షన్' అంటారు. మనం కాలక్షేపపు నవలలంటాం. ఆ మాటలో కాస్త చిన్నచూపు ఉన్నమాట నిజమే గాని, పేరు చులకనైనంత మాత్రాన వస్తువు చులకన కావాలని లేదు. వీటిలోనే పన్నెండేళ్లు దాటి పెద్దరికం రాని పాఠకుల కోసం రాసే శాఖ ఒకటుంది. దాన్ని 'యంగ్ అడల్ట్' అని పిలుస్తారు. మనకు కిశోర సాహిత్యం అనే మంచి మాట ఉంది, అదే వాడతాను.

మీలో చాలామంది బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో పుట్టి పెరిగినవారు. మీకు దొరికే తెలుగు నవలలో నాయిక విజయవాడలో బస్సు దిగుతుంది, హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. భాష మీదే. ఊరు మాత్రం మీది కాదు. కెనడాలో ఇంగ్లీషు నవల చదివే కుర్రవాడి పరిస్థితి చాలాకాలం ఇదే. జనాభాలో అమెరికాకు సుమారు ఎనిమిదో వంతు దేశం. భాష ఒకటే. పెద్ద ప్రచురణకర్తలు న్యూయార్కులో ఉన్నారు, పెద్ద బజారూ అక్కడే. కాలక్షేపపు నవల రాసి బతకదలచుకున్నవాడు ఎవరి ఊరి పేరు రాయాలి? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని పోతే కెనడా కాలక్షేప సాహిత్య చరిత్ర చాలావరకు విప్పుకుంటుంది.

మొదటగా చెప్పుకోవలసినవాడు జేమ్స్ డిమిల్. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని సెయింట్ జాన్ ఊరివాడు, హాలిఫాక్సులోని డల్‌హౌసీ కళాశాలలో ఆచార్యుడు. ఆయన 1880లో పోయాడు. రాగి గొట్టంలో దొరికిన ఒక వింత రాతప్రతి కథగా చెప్పిన ఆయన నవల 1888లో న్యూయార్కులోని 'హార్పర్స్ వీక్లీ'లో రచయిత పేరు లేకుండా వచ్చింది. దక్షిణ ధ్రువం దగ్గర కొసెకిన్ అనే జాతి ఉంటుంది. వాళ్లకు వెలుగు కన్నా చీకటి ఇష్టం, సంపద కన్నా పేదరికం గొప్ప, బతుకు కన్నా చావు మేలు. నాలాంటివాడికి ఈ నవలలో నచ్చే భాగం వేరే ఉంది. ఆ రాతప్రతిని ఓడలో కూర్చుని చదివే నలుగురిలో ఒకడు భాషావేత్త. కొసెకిన్ మాటలను హీబ్రూ మాటల పక్కన పెట్టి, గ్రిమ్ సూత్రాన్ని వర్ణించి, ధ్వనులు ఎలా మారాయో ఉపన్యాసమిస్తాడు. 'ప' 'ఫ' అయిందనీ 'త' 'థ' అయిందనీ మనం క్లాసులో చెప్పుకునే సంగతి ఒక సాహస నవలలో కథలో భాగంగా కనిపించడం అరుదు. రచయిత కొంత వెక్కిరింతగానే రాశాడు, అయినా సరే.

అచ్చు ఒకచోట, పాఠకులు మరొకచోట ఉండటం మనకు కొత్త కాదు. ఆంధ్రపత్రిక 1908లో పుట్టింది బొంబాయిలో, 1914లో చేరింది మద్రాసుకు. కాని ఎక్కడ అచ్చయినా ఆ పత్రిక పెట్టినవారు తెలుగువారే, చదివినవారూ వారే. డిమిల్ నవల సంగతి అలా కాదు. ఏ కథ వేయాలో తీర్మానించేవారూ, డబ్బిచ్చి కొనేవారూ అవతలి దేశంవారు. 1908లోనే బోస్టనులో వెలువడిన ఎల్. ఎం. మాంట్‌గొమరీ నవల 'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' తన ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిని దాచుకోలేదు. పల్లెటూరి కథకు ఆ దూరపు దీవి ఒక అందమే అయింది. ఆ వెసులుబాటు డిటెక్టివ్‌కూ రాకెట్‌కూ దొరకలేదు.

ఏ. ఇ. వాన్ వోట్ జీవితమే దీనికి ఉదాహరణ. 1912లో మానిటోబా రాష్ట్రంలో గ్రెట్నా దగ్గరి పల్లెలో, రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన మెన్నొనైట్ క్రైస్తవుల మధ్య పుట్టాడు. చిన్నతనంలో ఇంట్లో మాట్లాడింది ప్లౌట్‌డీచ్ అనే జర్మన్ పలుకుబడి. ఇంగ్లీషు తర్వాత వచ్చింది. 1939 నుంచి న్యూయార్కు పత్రిక 'అస్టౌండింగ్'లో ఆయన కథలు రావడం మొదలైంది. 1940లో 'స్లాన్' సీరియల్‌గా వచ్చింది. ఎదుటివారి మనసు చదవగల స్లాన్ జాతి పిల్లవాడు, తనవాళ్లను వేటాడే జనం మధ్య తన గుర్తును దాచుకుని పెరిగే కథ. అది రాసినప్పుడు ఆయన కెనడాలోనే ఉన్నాడు. కథలో కెనడా ఉండదు. 1944లో ఆయనే కాలిఫోర్నియాకు తరలిపోయాడు.

ఇంతలో యుద్ధం ఒక చిత్రమైన పని చేసింది. బ్రిటన్‌కు సరుకు అమ్మగా వచ్చిన పౌండ్లను డాలర్లుగా మార్చుకునే వీలు పోయింది. కెనడా చేతిలో అమెరికన్ డాలర్లు తరిగిపోయాయి. వాటిని కాపాడుకోవడానికి 1940 డిసెంబరులో ఒక చట్టం చేశారు. అమెరికా నుంచి రానక్కరలేని సరుకుల దిగుమతి ఆపేశారు. ఆ జాబితాలో డిటెక్టివ్ కథల పత్రికలు, వెస్టర్న్‌లు, 'నిజమైన ప్రేమ ఒప్పుకోళ్ల' పత్రికలు, బొమ్మల కథల పుస్తకాలు చేరాయి. ఆ చట్టం చేసిన వారి మనసులో సాహిత్యం లేదు, ఉన్నది మారకద్రవ్యం ఒక్కటే. ఫలితం మాత్రం సాహిత్యంలో కనబడింది. బజారు ఒక్కసారిగా ఖాళీ అయింది. నిన్నటిదాకా పక్కదేశపు పత్రిక కొనుక్కున్న పిల్లలు, సైనికులు, ఫ్యాక్టరీ కూలీలు చదవడానికి ఏదో ఒకటి కావాలి గదా.

1941 నాటికి వాంకూవర్, టొరంటో నగరాల్లో బొమ్మల కథల కంపెనీలు లేచాయి. అట్ట రంగుల్లోనూ లోపలి పేజీలు నలుపు తెలుపుల్లోనూ వేసేవారు. అందుకే వాటికి తర్వాత 'కెనడియన్ వైట్స్' అనే పేరు వచ్చింది. 1941 ఆగస్టులో ఎడ్రియన్ డింగిల్ గీసిన నెల్వానా కనబడింది. ఉత్తరపు మంచుదేశాల ఇనూయిట్ గాథల నుంచి తీసుకున్న వీరనారి. అమెరికావారి వండర్ వుమన్ కన్నా కొన్ని నెలలు ముందు పుట్టింది. 1942లో బడి వయసు దాటీదాటని లియో బాక్లే గీసిన జానీ కానక్ వచ్చాడు. ఇతనికి ఏ మహిమలూ లేవు, మామూలు విమాన చోదకుడు. టొరంటోలో 'అన్‌కానీ టేల్స్' అనే భయానక, సైన్స్ కథల పత్రిక 1940 నుంచి 1943 దాకా నడిచింది. ఈ కథలన్నీ గొప్పవని నేననను. చాలావాటిలో హడావిడి ఎక్కువ, ఇనూయిట్ ప్రజల బతుకు గురించి రాసినవారికి తెలిసింది బహు తక్కువ. కాని మొదటిసారి ఒక కెనడా పిల్లవాడు పది సెంట్లిచ్చి కొన్న పుస్తకంలో తన దేశం పేరు చదువుకున్నాడు.

యుద్ధం ముగిసింది. దిగుమతులు మళ్లీ మొదలయ్యాయి. రంగుల పేజీల ముందు నలుపు తెలుపు నిలవలేదు. 1947 నాటికి ఆ కంపెనీల కథ ఇంచుమించు ముగిసింది. ఆ తర్వాత 1949లో నేరాల బొమ్మల కథలను అచ్చువేయడం, అమ్మడం శిక్షార్హమని క్రిమినల్ కోడ్‌లో చేర్చారు. పిల్లలు పాడైపోతున్నారన్న ఆందోళన అప్పట్లో బలంగా ఉండేది. ఆ నిబంధనను తీసేసింది 2018లో అంటే మీరు నమ్మకపోవచ్చు.

అదే 1949లో విన్నిపెగ్ నగరంలో రిచర్డ్ బానీకాసిల్ మరి కొందరితో కలిసి చౌక పుస్తకాల కంపెనీ ఒకటి పెట్టాడు. పేరు హార్లెక్విన్. ఇతర దేశాల్లో వచ్చిన డిటెక్టివ్, వెస్టర్న్, ప్రేమ నవలలను తిరిగి అచ్చువేసేది. 1957 నుంచి లండన్‌లోని మిల్స్ అండ్ బూన్ సంస్థ ప్రేమ నవలలను, ముఖ్యంగా డాక్టరూ నర్సూ ఉండేవాటిని, ఎంచి వేయసాగింది. ఆ ఎంపికలో బానీకాసిల్ భార్య మేరీ అభిరుచి పెద్ద పాత్ర వహించింది. 1960ల మధ్య నుంచి ప్రేమ నవలలే దాని వ్యాపారం. 1971లో మిల్స్ అండ్ బూన్‌నే కొనేసింది. మన నగరాల అద్దె లైబ్రరీల్లో ఆ సన్నపాటి పుస్తకాలు చదివినవారిలో ఎందరికి తెలుసు, యజమాని కెనడావాడని? తెలియకపోవడం వారి తప్పు కాదు. పుస్తకంలో ఎక్కడా కెనడా వాసన ఉండేది కాదు. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రేమ నవలల సంస్థ కెనడాది. ఆ నవలలు మాత్రం ఇంగ్లండువి, తర్వాత అమెరికావి. 2014లో ఆ సంస్థ కూడా అమెరికాకు చెందిన న్యూస్ కార్ప్ చేతికి, హార్పర్ కాలిన్స్ కిందికి పోయింది.

1960లలో టొరంటోలో కవయిత్రి ఫిలిస్ గాట్‌లీబ్ ఒక్కతే ఇంచుమించుగా సైన్స్ ఫిక్షన్ రాస్తుండేది. 1964లో వచ్చిన ఆమె నవల 'సన్‌బర్స్ట్' కూడా న్యూయార్కు ప్రచురణే. మార్పు తెచ్చింది ఒక వలసపక్షి. జూడిత్ మెరిల్ అమెరికాలో పేరుమోసిన సంకలనకర్త. వియత్నాం యుద్ధం పట్ల నిరసనతో 1968లో దేశం విడిచి టొరంటో వచ్చేసింది. 1970లో తన దగ్గరున్న సుమారు 5,000 పుస్తకాలను, పత్రికలను టొరంటో పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చింది. ఇప్పుడు దానికి ఆమె పేరే ఉంది. అదే భవనంలో పాతకాలపు పిల్లల పుస్తకాల ఆస్‌బర్న్ సేకరణ కూడా ఉండటం నాకు ముచ్చటగా తోస్తుంది. 1985లో ఆమె సంపాదకత్వంలో 'టెసరాక్ట్స్' అనే కెనడా సైన్స్ కథల సంకలనం విక్టోరియా నగరంలో వెలువడింది. అందులో ఫ్రెంచి నుంచి అనువదించిన కథలూ ఉన్నాయి. ఇక్కడ మనం క్యూబెక్ వైపు తిరగాలి. ఎందుకంటే ఇంగ్లీషు కెనడా ఇంకా న్యూయార్కు వైపు చూస్తున్న కాలంలో అక్కడి ఫ్రెంచివారు తమ ఇల్లు తాము కట్టుకున్నారు.

1974లో మాంట్రియల్ నది అవతలి లాంగ్యూయ్‌లో, ఇంటర్మీడియట్ స్థాయి కళాశాల ఒకదానిలో నార్బెర్ స్పేనెర్ అనే ఉపాధ్యాయుడు విద్యార్థులతో కలిసి 'రెక్వియమ్' అనే పత్రిక పెట్టాడు. 1979లో దాని పేరు 'సొలారిస్' అయింది. 2024లో దానికి యాభై ఏళ్లు నిండాయి. అరవై డెబ్బై లక్షల మంది ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రంలో సైన్స్ కథల పత్రిక అర్ధ శతాబ్దం బతికింది. ఎన్నో రెట్లు పెద్దదైన ఇంగ్లీషు కెనడాలో 1940ల పత్రికలు నాలుగేళ్లు నిలవలేదు. తేడా ఎక్కడుంది? న్యూయార్కు పత్రిక వారి భాషలో లేదు. పారిస్ సముద్రం అవతల ఉంది. 1977లో క్యూబెక్ ప్రభుత్వం బడిలోనూ ఆఫీసులోనూ ఫ్రెంచిని తప్పనిసరి చేస్తూ 101వ చట్టం తెచ్చింది. ఆ వాతావరణంలో ఫ్రెంచిలో అంతరిక్ష నౌకను నడపడం కూడా ఒక భాషాభిమానపు పనే. 1940 చట్టం సరిహద్దులో కట్టిన గోడ ఆరేళ్లకు కూలింది. భాష కట్టిన గోడ నిలిచింది. ఇది నా తీర్మానం, అందరూ ఒప్పుకోకపోవచ్చు.

ఆ పత్రికతో పెరిగిన రచయిత్రి ఎలిజబెత్ వోనార్‌బర్గ్. పారిస్‌లో 1947లో పుట్టి 1973లో షికూతిమి అనే ఉత్తరపు ఊరికి వచ్చింది. 1992 నాటి ఆమె నవల 'క్రోనిక్ ద్యు పేయీ దె మేర్' - తల్లుల దేశపు చరిత్రలు అని చెప్పుకోవచ్చు - ఆడవాళ్లు చాలా ఎక్కువ, మగవాళ్లు చాలా తక్కువ ఉన్న భవిష్యత్తులో జరుగుతుంది. అలాంటి లోకంలో వ్యాకరణం ఎలా ఉంటుంది? ఫ్రెంచిలో వందమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడుంటే చాలు, బహువచన సర్వనామం పుంలింగం అయిపోతుంది. ఈ నవలలో దాన్ని తలకిందులు చేసింది. అందరికీ కలిపి వాడే రూపం స్త్రీలింగం. పిల్లలు అనే మాటకు కూడా స్త్రీలింగ రూపం కల్పించింది. యానాంలో పాతతరం పెద్దలెవరైనా ఫ్రెంచి చదువుకున్నవారుంటే ఈ మార్పు చెవికి ఎలా తగులుతుందో అడిగి చూడండి.

ఈ నవలను తెలుగు చేయడం ఎలా? మన వ్యాకరణంలో ఏకవచనంలో మహత్తు, అమహత్తు అని రెండే. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు వచ్చారు, ఆవులు వచ్చాయి. తమిళం వచ్చిన మీ మిత్రులకు ఇది వింత. వారికి ఆమెకు 'వందాళ్', ఆవుకు 'వందదు'. కన్నడంలో 'బందళు', 'బందితు'. మరాఠీలో మూడు లింగాలు. ఒడియాలో క్రియకు లింగమే లేదు. అంటే ఈ నవలను ఈ అయిదు భాషల్లోకి అయిదుగురు విద్యార్థులు అనువదిస్తే అయిదు రకాల చిక్కులు వస్తాయి. పరిశోధనకు విషయం వెతుక్కునేవారు దీన్ని ఒకసారి తలచుకోవచ్చు. తెలుగులో నాకు తోచిన దారి - స్త్రీకి 'వచ్చింది' ఉంచి, పురుషుడికీ అదే వాడటం. కొంతసేపటికి పాఠకుడికి అదే సహజమవుతుంది, రచయిత్రి కోరుకున్నదీ అదే.

ఇంగ్లీషులోకి తిరిగి వద్దాం. 1984లో విలియం గిబ్సన్ వాంకూవర్‌లో కూర్చుని 'న్యూరోమాన్సర్' రాశాడు. 'సైబర్‌స్పేస్' అనే మాట అంతకుముందు 1982 నాటి ఆయన కథలోనే పుట్టింది. ఇవాళ ఆ మాట తెలియని పోలీసు స్టేషను లేదు. నవల జపాన్‌లో మొదలై అమెరికా తూర్పు తీరం మీదుగా అంతరిక్షానికి పోతుంది. వాంకూవర్‌కు రాదు. 1985 నాటి ఎట్‌వుడ్ నవల 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' జరిగేది అమెరికాలోని మసాచూసెట్స్‌లో. అందులో కెనడా పారిపోవడానికి ఒక చోటు మాత్రమే. కిశోర సాహిత్యంలో 2008లో బాగా పేరొచ్చిన 'లిటిల్ బ్రదర్' రచయిత కోరీ డాక్టరో టొరంటోవాడు, కథ శాన్‌ఫ్రాన్సిస్కోది. వీటిని తప్పు పట్టడం లేదు. రచయితకు ఏ ఊరైనా రాసే హక్కుంది. లెక్క మాత్రం లెక్కే.

ఊరిని దాచడంలో మధ్యేమార్గం హవర్డ్ ఎంగెల్‌ది. 1980లో మొదలైన ఆయన డిటెక్టివ్ బెన్నీ కూపర్‌మన్ నయాగరా దగ్గరి గ్రాంథమ్ అనే ఊళ్లో తిరుగుతాడు. చదివిన ప్రతివారికీ అది సెయింట్ కాథరిన్స్ అని తెలుసు. పేరు మాత్రం మార్చాడు. 2001లో ఎంగెల్‌కు పక్షవాతం వచ్చి చదివే శక్తి పోయింది. రాసే శక్తి పోలేదు. పొద్దున్న వచ్చిన ఇంగ్లీషు పత్రిక ఏదో తెలియని లిపిలో ఉన్నట్టు కనబడిందట. తాను రాసింది తాను చదువుకోలేడు. అయినా కష్టపడి అక్షరం అక్షరం కూడబలుక్కుని 2005లో మరో కూపర్‌మన్ నవల తెచ్చాడు. మెదడులో చదువుకూ రాతకూ దారులు వేరని పాఠ్యపుస్తకాల్లో చెబుతాం. ఆ సంగతిని ఆయన డిటెక్టివ్‌కే జబ్బుగా తగిలించి కథ నడిపాడు.

పేరు దాచడమే కథావస్తువైన నవల ఒకటుంది. గై గావ్రియెల్ కే సస్కాచువాన్‌లో పుట్టి విన్నిపెగ్‌లో పెరిగాడు. యువకుడిగా టోల్కీన్ మరణానంతరం 'సిల్మరిలియన్' సిద్ధం చేయడంలో ఆయన కొడుక్కి సాయపడ్డాడు. 1990లో ఆయన 'టిగానా' వచ్చింది. యుద్ధంలో తన కొడుకును చంపిన దేశంమీద పగబట్టిన మాంత్రికరాజు ఊళ్లు కాల్చడంతో ఆగడు. ఆ దేశం పేరునే మాయం చేస్తాడు. ఓటమికి ముందు అక్కడ పుట్టినవారికి తప్ప ఎవరికీ ఆ పేరు వినపడదు. పలికినా అర్థంకాని చప్పుడుగా పోతుంది. ఆ తరం పోతే పేరూ పోతుంది. నవలంతా ఆ ఒక్క పేరును తిరిగి వినిపించడానికి కొందరు చేసే పోరాటం. ఇందులో కెనడా ఒక్కచోటా లేదు, ఇటలీని పోలిన కల్పిత ద్వీపకల్పం ఉంది. అయినా ఇంత కెనడియన్ నవల మరొకటి లేదని నేననుకుంటాను.

కిశోర సాహిత్యంలో ఎడ్మంటన్‌లో స్థిరపడిన మోనికా హ్యూస్ 1980లో 'ది కీపర్ ఆఫ్ ది ఐసిస్ లైట్' రాసింది. ఐసిస్ అనే గ్రహంమీద ఓల్వెన్ అనే అమ్మాయి, ఆమెను పెంచే గార్డియన్ ఇద్దరే ఉంటారు. కొత్తగా వలసదారులు దిగుతారు. వాళ్ల ముందుకు వెళ్లేటప్పుడు ముఖానికి ముసుగు వేసుకోమంటాడు గార్డియన్. ఆ గ్రహంలో బతకడానికి తన శరీరాన్నే మార్చారని, ఇంట్లో అద్దం లేకపోవడానికి కారణం అదేనని ఆమెకు ఆలస్యంగా తెలుస్తుంది. చివరికి ఆమె వాళ్లలో కలిసిపోదు. పిల్లల కథకు ఇది తేలిక ముగింపు కాదు. 2001లో మొదలుపెట్టిన కెనడా ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ బహుమతికి గాట్‌లీబ్ నవల పేరుమీద 'సన్‌బర్స్ట్' అని పెట్టారు. 2008 నుంచి కిశోర నవలలకు అందులో వేరే బహుమతి ఏర్పరచారు. ఆ శాఖ ఎంత పెరిగిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఊరి పేరు పూర్తిగా బయటికి వచ్చింది 1998లో, అదీ బయటినుంచి వచ్చిన రచయిత్రి చేతి మీదుగా. నాలో హాప్కిన్సన్ జమైకాలో పుట్టి, కరీబియన్ దేశాల్లో పెరిగి, పదహారేళ్లకు టొరంటో వచ్చింది. 'బ్రౌన్ గర్ల్ ఇన్ ది రింగ్'లో టొరంటో నడిబొడ్డు పాడుబడి ఉంటుంది. డబ్బున్నవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. మిగిలినవారికి మందూమాకూ ఇచ్చేది కరీబియన్ అమ్మమ్మ. వీధుల పేర్లు అసలువే, సి.ఎన్. టవర్ కూడా అసలుదే. 2000లో వచ్చిన 'మిడ్‌నైట్ రాబర్' ఇంకో అడుగు వేసింది. క్రియోల్ పలుకుబడిని ఎక్కువగా పాత్రల సంభాషణలోనే వాడేవారు, కథకుడు చాలావరకు ప్రామాణిక ఇంగ్లీషులో ఉండేవాడు. హాప్కిన్సన్ కథకుడి నోటనే ట్రినిడాడ్, జమైకా పలుకుబడులను కలిపి పెట్టింది. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చదివినవారికి ఈ అడుగు విలువ వేరే చెప్పక్కరలేదు. తేడా ఏమంటే, ఇక్కడ ఆ భాష పల్లెది కాదు. భవిష్యత్తులో గ్రహాంతరాలకు పోయినవారిది, యంత్రాలతో మాట్లాడేవారిది. మాండలికం అంటే గతం అనే అలవాటును ఆమె మెడపట్టి బయటికి గెంటింది.

మిగిలినవారు ఆ నేల అసలు మనుషులు. కెనడా ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన హాస్టలు బడుల్లోకి 1,50,000 మందికి పైగా ఆదివాసీ పిల్లలను తీసుకుపోయారు. అక్కడ ఇంటి భాష మాట్లాడితే శిక్ష. చివరి బడులు మూతపడింది 1990ల రెండో సగంలో. 2008 నుంచి 2015 దాకా సత్య పరిశీలన, సామరస్య కమిషన్ ఆ బాధితుల సాక్ష్యాలు నమోదు చేసింది. ఈ నేపథ్యంలో మేటీ రచయిత్రి షెరీ డిమలీన్ 2017లో 'ది మారో థీవ్స్' రాసింది. గవర్నర్ జనరల్ బహుమతి పొందిన కిశోర నవల. భవిష్యత్తులో మనుషులు కలలు కనడం మరచిపోతారు. కలలు ఇంకా వచ్చేది ఆదివాసులకే. అందుకని వాళ్ల ఎముకల్లోని మూలుగ కోసం వేటాడుతుంటారు. పట్టుకున్నవారిని పెట్టే చోటుకు మళ్లీ బడి అనే పేరు. మినర్వా అనే ముసలావిడ ఆ యంత్రానికి చిక్కినప్పుడు తన భాషలో పాట అందుకుంటుంది. ఆమె కలలన్నీ ఆ భాషలోనే. యంత్రం దాన్ని తట్టుకోలేక ధ్వంసమవుతుంది. పారిపోతున్న పిల్లలకు అంతకుముందు అడవిలో ఒక్కో మాటా నేర్పింది కూడా ఆమెలాంటి పెద్దలే. ఒక్క మాట నేర్చుకున్న పిల్లను మిగతావాళ్లు అసూయగా చూసే ఘట్టం నన్ను చాలాసేపు ముందుకు పోనివ్వలేదు.

వాసాక్సింగ్‌కు చెందిన అనిషినాబే రచయిత వాబ్‌గెషిగ్ రైస్ 2018లో టొరంటోలోని చిన్న ప్రచురణ సంస్థ ద్వారా 'మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో' వెలువరించాడు. ఉత్తరాన ఒక ఆదివాసీ ఊరు. చలికాలం మొదట్లో కరెంటు పోతుంది, ఫోన్లు పోతాయి, సరుకుల లారీ రాదు. దక్షిణాన ఏమైందో ఎవరికీ తెలియదు. అమెరికా సినిమాల్లో ఇలాంటి ఘట్టానికి లోకాంతం అని పేరు. ఇందులో ఐలీన్ అనే వృద్ధురాలు ఆ మాటకు తమ భాషలో సమానమైన మాట లేదంటుంది. తమ లోకం ఇదివరకే ఒకటికి రెండుసార్లు అంతమైందని, తాము ఇంకా ఉన్నామని ఆమె భావం. కథలో అనిషినాబే భాష సంభాషణలు అనువాదం లేకుండా కొన్నిచోట్ల వస్తాయి. అర్థం సందర్భాన్నిబట్టి తెలుస్తుంది. తెలియకపోయినా కథ ఆగదు. పేరులోని 'మూన్' వారి నెల లెక్క. 'గీజిస్' అనే మాటకు వారి భాషలో సూర్యుడనీ చంద్రుడనీ నెల అనీ అర్థాలున్నాయి. నెలవంక అన్నప్పుడు చంద్రుణ్ణీ, నెల జీతం అన్నప్పుడు ముప్పై రోజులనూ ఒకే మాటతో చెప్పే మనకు ఈ పేరును తెలుగు చేయడం ఇంగ్లీషువారి కన్నా తేలిక: పైపొర గట్టిపడిన మంచు నెల.

దీని రెండో భాగం 2023లో వచ్చింది. పన్నెండేళ్లు గడిచాయి. చేరుకున్న చోట చేపలు, వేట తగ్గిపోయాయి. కొందరు నడుచుకుంటూ దక్షిణానికి బయలుదేరుతారు. వాళ్ల తాతముత్తాతలను వెళ్లగొట్టిన ఊళ్లు హ్యూరన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారేమో చూసి రావాలని వారి ప్రయాణం.